పెట్టెకు కొలత వెతికిన మనిషి: మాల్కమ్ మెక్‌లీన్

మా ఇంట్లో 19 నల్ల ట్రంకు పెట్టెలు ఉన్నాయి. నాన్నగారు సైన్యంలో పనిచేస్తారు కనుక ప్రతి పెట్టె మీదా తెల్ల రంగుతో ఆయన పేరు, నంబరు, దాని కింద పెట్టె నంబరు రాసి ఉంటాయి. బదిలీ ఆర్డరు వచ్చిన రోజు నుంచి మా ఇల్లంతా ఆ పెట్టెల చుట్టూనే తిరుగుతుంది. కొత్త క్వార్టరు చేరాక నాలుగు పెట్టెలు పక్కపక్కన చేర్చి పైన పరుపు వేస్తే దివాన్ అవుతుంది. రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే టీవీ బల్ల అవుతుంది. ఈ పత్రిక చదివే మీలో చాలామందికి ఇదేమీ కొత్త కాదు.

ఏ పెట్టెలో ఏం పెట్టాలో అమ్మకు లెక్క ఉంది. పుస్తకాలు, ఇత్తడి గిన్నెలు చిన్న పెట్టెల్లోకి, రజాయిలు, దుప్పట్లు పెద్ద పెట్టెల్లోకి. ఒకసారి అమ్మ బజారుకు వెళ్లినప్పుడు, సాయం చేద్దామని మేమిద్దరం, అక్కా తమ్ముడూ, అన్నిటికంటే పెద్ద పెట్టె నిండా పుస్తకాలు సర్దేశాం. నలుగురు పట్టినా అది నేల నుంచి లేవలేదు. అన్నీ బయటకు తీసి మళ్లీ సర్దాల్సి వచ్చింది.

గత బదిలీలో ఇంకొకటి జరిగింది. మా సామాను దారిలో ఎక్కడో ఒక లారీలోంచి దించి మరో లారీలోకి ఎక్కించారు. ఆ సంగతి మాకు ముందు చెప్పలేదు. గోనెపట్టా చుట్టి పంపిన అద్దం బీరువా పగిలి వచ్చింది, అమ్మ కుట్టుమిషను చక్రం వంగిపోయింది, తమ్ముడి సైకిలు పెడల్ ఊడిపోయింది. ట్రంకులు మాత్రం 19కి 19 వచ్చాయి, లోపల ఒక్క గాజు గ్లాసు కూడా విరగలేదు. ఇంత దూరం వచ్చిన సామానుకు దెబ్బలన్నీ ఆ మార్చే చోటనే తగిలాయని నాన్నగారు తేల్చారు.

ఇదే సంగతిని చాలా ఏళ్ల క్రితం అమెరికాలో ఒక లారీ యజమాని గమనించాడని మాకు ఆ తరవాత స్కూలు లైబ్రరీలో తెలిసింది. ఆయన పేరు మాల్కమ్ మెక్‌లీన్. రోడ్డు మీద, రైలు మీద, ఓడ మీద ఇవాళ మనం చూసే పొడవాటి ఇనుప కంటెయినర్ల వెనుక ఉన్న కథ చాలావరకు ఆయనదే. ఆయన జీవితం మాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాం.

మెక్‌లీన్ 1913 నవంబరు 14న నార్త్ కరోలినా రాష్ట్రంలో మాక్స్‌టన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్లది రైతు కుటుంబం. చిన్నప్పుడు తల్లి ఇచ్చిన కోడిగుడ్లు దారి పక్కన అమ్మి కమీషను తీసుకునేవాడు. 1931లో హైస్కూలు చదువు పూర్తయింది. అవి అమెరికా అంతటా పనులు దొరకని రోజులు. కాలేజీకి వెళ్లేందుకు డబ్బు లేదు. మొదట కిరాణా దుకాణంలో సరుకులు సర్దే పని, ఆ తరవాత రెడ్ స్ప్రింగ్స్ అనే ఊళ్లో పెట్రోలు బంకు చూసే పని దొరికాయి. తన బంకుకు ఫేయెట్‌విల్ నుంచి ఆయిలు తెచ్చే లారీవాడికి ట్రిప్పుకు 5 డాలర్లు ముడుతున్నాయని తెలిసింది. ఆ పని తనే చేస్తే ఏం అనుకున్నాడు. 1934లో పాత బండి ఒకటి సంపాదించి, తోబుట్టువులు జిమ్, క్లారాలతో కలిసి లారీ కంపెనీ మొదలుపెట్టాడు. స్టీరింగు పట్టుకున్నది కూడా తనే.

1937లో జరిగిన ఒక సంఘటన గురించి ఆయన ముసలితనంలో చెప్పేవాడు. పత్తి బేళ్లు వేసుకుని న్యూజెర్సీలోని హోబోకెన్ రేవుకు వెళ్లాడట. తన వంతు వచ్చేదాకా రోజులో ఎక్కువ భాగం లారీలోనే కూర్చున్నాడట. ఎదురుగా కూలీలు ఒక్కో మూటనూ లారీ నుంచి దించి, వలలో వేసి, క్రేనుతో ఎత్తి, ఓడ అడుగున మళ్లీ విడదీసి పేరుస్తున్నారు. లారీని లారీగానే ఓడలోకి ఎత్తేస్తే ఎంత బాగుండును అని అప్పుడే తోచిందట. నిజంగా ఆ రోజే తోచిందో లేదో అని కొందరు చరిత్రకారులకు అనుమానం ఉంది. మాకూ ఉంది. నిజంగా తోచి ఉంటే 19 ఏళ్లు ఊరుకునేవాడా? ఏమైనా రేవులో పని మాత్రం అప్పట్లో అలాగే సాగేది. ఒక ఓడలో బస్తాలు, పీపాలు, చెక్కపెట్టెలు, తోలు కట్టలు అన్నీ కలగాపులగంగా ఉండేవి. వాటిని ఎక్కించి దించేసరికి రోజులకు రోజులు పట్టేది. దారిలో కొంత పగిలేది, కొంత మాయమయ్యేది.

1950లు వచ్చేసరికి మెక్‌లీన్‌ది పెద్ద లారీ కంపెనీల్లో ఒకటయింది. రోడ్లన్నీ బండ్లతో నిండిపోతున్నాయి. తీరం వెంబడి ఓడలో పంపితే ఖర్చు తక్కువ కనుక, ఓడల వాళ్లు తన బేరాలు లాక్కుపోతారేమోనని ఆయనకు భయం పట్టుకుంది. దాంతో లారీల వెనుక ఉండే ట్రైలర్లనే ఓడలో పంపాలనుకున్నాడు. కానీ లారీ కంపెనీ, ఓడల కంపెనీ ఒకే మనిషి చేతిలో ఉండకూడదని అప్పట్లో అమెరికాలో నిబంధన ఉండేది. ఏదో ఒకటి వదులుకోవాలి. 20 ఏళ్లు పెంచిన లారీ కంపెనీలో తన వాటా అమ్మేసి, 1955లో పాన్-అట్లాంటిక్ అనే ఓడల కంపెనీ కొన్నాడు. అప్పటిదాకా ఆయనకు ఓడల అనుభవమే లేదు.

అసలు పని అప్పుడు మొదలైంది. ట్రైలర్‌ను చక్రాలతో సహా ఎక్కిస్తే చక్రాల కింద చోటంతా వృథా అవుతుంది. పైగా ఒకదాని మీద ఇంకొకటి పెట్టడం కుదరదు. అందుకని చక్రాలూ చట్రమూ రేవులోనే వదిలేసి పైనున్న డబ్బాను మాత్రమే ఎత్తాలనుకున్నాడు. డబ్బాల్లో సరుకు పంపడం అంతకు ముందు లేదని కాదు. యూరప్‌లో రైళ్లకూ, అమెరికా సైన్యానికీ వేరువేరు కొలతల పెట్టెలు ఉండేవి. కానీ రైలు పెట్టె రైలుకు సరిపోయేది, ఓడ పెట్టె ఓడకు సరిపోయేది. సరుకు యజమానికి కావలసింది ఆ రెండూ కాదు. తన ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర మూసిన తలుపు, అవతలి ఊళ్లో కొన్నవాడి గుమ్మం దగ్గర తెరుచుకోవాలి. మెక్‌లీన్ లారీలు నడిపి వచ్చినవాడు కాబట్టి ఈ సంగతి ఓడలవాళ్లకంటే ముందు పట్టుకున్నాడని మాకు అనిపిస్తుంది.

పెట్టె తయారీకి కీత్ టాంట్లింగర్ అనే ఇంజినీరును పిలిపించాడు. ఆయన అల్యూమినియంతో చేసిన నమూనా పెట్టెలు వచ్చినప్పుడు, మెక్‌లీన్, అతని అధికారులు పైకప్పు మీదికెక్కి గెంతి చూశారట. కప్పు వంగలేదు. టాంట్లింగర్ చేసిన ఇంకో పని ఇప్పటికీ ప్రతి కంటెయినర్ మీదా చూడవచ్చు. ఈసారి లెవెల్ క్రాసింగు దగ్గర కంటెయినర్ రైలు కనిపిస్తే పెట్టె మూలలు చూడండి. ఎనిమిది మూలల్లోనూ రంధ్రాలున్న ఉక్కు దిమ్మలు ఉంటాయి. బరువంతా గోడల మీద కాకుండా మూలల్లోని స్తంభాల మీద పడుతుంది కనుక ఎన్నో పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చవచ్చు. ఆ రంధ్రంలోకి ఒక ఉక్కు తాళం దూర్చి పావు చుట్టు తిప్పితే పెట్టె కిందిదానికి బిగిసిపోతుంది. క్రేను పట్టుకునేదీ ఆ మూలలనే. లారీకైనా, రైలుకైనా, ఓడకైనా అదే పట్టు.

1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ నెవార్క్ రేవు నుంచి టెక్సాస్‌లోని హ్యూస్టన్‌కు బయలుదేరింది. అది రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత చమురు ఓడ. దాని పైతట్టు మీద వేరే వేదిక కట్టి 58 పెట్టెలు పెట్టారు. సుమారు 7 నిమిషాలకు ఒక పెట్టె చొప్పున, 8 గంటలలోపే ఎక్కించడం అయిపోయింది. ఓడ వచ్చేలోపు మెక్‌లీన్ విమానంలో హ్యూస్టన్ చేరి ఎదురుచూశాడు. ఆరో రోజున పెట్టెలన్నీ క్షేమంగా దిగాయి. తరవాత లెక్క చూశారు. మామూలు పద్ధతిలో టన్ను సరుకు ఓడకెక్కించడానికి 5 డాలర్ల 83 సెంట్లు అవుతుంటే, ఈ ఓడకు 16 సెంట్లు కూడా కాలేదు.

మరుసటి ఏడాది గేట్‌వే సిటీ అనే ఓడను పూర్తిగా పెట్టెల కోసమే మార్చారు. ఓడ కడుపులో నిలువు అరలు కట్టి, 35 అడుగుల పెట్టెలు 226 పట్టేలా చేశారు. 35 అడుగులే ఎందుకు? తన లారీలు తిరిగే హైవేల మీద అంతకు మించిన ట్రైలర్‌ను అనుమతించరు కనుక. అదే రోజుల్లో అమెరికాకు అటువైపు, పసిఫిక్ సముద్రంలో హవాయి దీవులకు ఓడలు నడిపే మ్యాట్సన్ కంపెనీ కూడా పెట్టెల మీదే పరిశోధన చేసింది. వాళ్లు తేల్చినది 24 అడుగులు. హవాయి దుకాణాలకు వెళ్లేవి చిన్నచిన్న సరుకులు. పెద్ద పెట్టె పంపితే సగం ఖాళీగా వెళుతుంది. మెక్‌లీన్ తన రోడ్డును కొలిచాడు, వాళ్లు తమ సరుకును కొలిచారు. ఇద్దరిదీ సరైన లెక్కే. కానీ ఒకరి పెట్టె ఇంకొకరి ఓడలో పట్టదు.

ఈ తగవు తీరడానికి దేశాలన్నీ కూర్చుని ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. చివరకు 1964లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 10, 20, 30, 40 అడుగుల కొలతలను ఒప్పుకుంది. అందులో 35 లేదు, 24 కూడా లేదు. 1960 నుంచి మెక్‌లీన్ కంపెనీ పేరు సీ-ల్యాండ్. దాని ఓడలన్నీ 35 అడుగుల అరలతో కట్టినవి. అయినా అంతకు ముందు ఏడాది, 1963లో, మూల దిమ్మలకూ తాళానికీ ఉన్న తన పేటెంటు హక్కులను ఆయన డబ్బు తీసుకోకుండా వదులుకున్నాడు. పోటీవాళ్లు కూడా అదే పట్టు వాడితేనే తన పెట్టె ఊరూరా తిరుగుతుందని టాంట్లింగర్ నచ్చజెప్పాడు. మాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన పని ఇదే. కొలత విషయంలో ఓడిపోయాడు, పట్టు విషయంలో అందరికీ ఇచ్చేశాడు.

ఇవాళ ఎక్కువగా కనిపించేవి 20, 40 అడుగులవి. 20 అడుగుల పెట్టెలో సుమారు 33 ఘనపు మీటర్ల చోటు ఉంటుంది, 40 అడుగులదానిలో సుమారు 67. చోటు రెట్టింపు అయినా మోయగల బరువు రెట్టింపు కాదు. అందుకే టైల్సు, బియ్యం, యంత్రాల భాగాల వంటి బరువు సరుకు 20 అడుగులదానిలో వెళుతుంది. బట్టలు, ఫర్నిచరు వంటి తేలిక సరుకు 40 అడుగులదానిలో వెళుతుంది. ఇది చదివినప్పుడు మా ఇద్దరికీ నవ్వొచ్చింది. అమ్మ పుస్తకాల పెట్టె, రజాయిల పెట్టె లెక్క అచ్చం ఇదే. పైకప్పు తెరుచుకునేవి, ద్రవాలకు ట్యాంకువి, చల్లదనం ఉంచే రీఫర్ పెట్టెలు వేరే ఉన్నాయి. అమ్మమ్మగారి ఊరు విశాఖపట్నం. అక్కడి నుంచి విదేశాలకు వెళ్లే రొయ్యలు రీఫర్ పెట్టెల్లోనే వెళతాయి. బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ దగ్గర నిలబడితే బయటి హార్బరులో పెట్టెలు ఎత్తే క్రేన్లు కనిపిస్తాయి. రాజస్థాన్, హరియాణా వైపు స్కూళ్లలో చదివేవాళ్లు రైలు మీద రెండు వరుసల పెట్టెలు వెళ్లడం కూడా చూసి ఉంటారు.

పెట్టె మళ్లీ మళ్లీ వాడేది కాబట్టి ఇంకో చిక్కు ఉంది. వెళ్లేటప్పుడు నిండుగా వెళుతుంది, వచ్చేటప్పుడో? 1967లో వియత్నాం యుద్ధం కోసం అమెరికా సైన్యం సామాను కామ్ రాన్ బే రేవుకు చేర్చే కాంట్రాక్టు సీ-ల్యాండ్‌కు దక్కింది. అక్కడి రేవుల్లో అప్పటికి ఓడలు వారాల తరబడి కాచుకుని ఉండేవి. కంటెయినర్లు రావడంతో ఆ ఇరుకు తీరింది. కానీ వియత్నాం నుంచి తిరిగి తేవడానికి సరుకు లేదు, పెట్టెలన్నీ ఖాళీయే. వచ్చే దారిలో జపాన్ ఉంది. రానూపోనూ ఖర్చు సైన్యం నుంచి ఎలాగూ వస్తోంది. 1968లో ఆయన ఓడలు తిరుగు ప్రయాణంలో యొకొహామాలో ఆగి, అమెరికాలో అమ్మే జపాన్ సరుకు నింపుకోవడం మొదలుపెట్టాయి. వ్యాపారపరంగా ఇది గొప్ప తెలివి. యుద్ధం వల్ల కలిసొచ్చిన లాభం అని కూడా మరచిపోలేం.

ఈ కథలో మేమిద్దరం ఒక మాట మీద లేని చోటు ఒకటి ఉంది. అది రేవు కూలీల సంగతి. 1958లో ప్యూర్టో రికో దీవిలో మెక్‌లీన్ ఓడలు రాగానే అక్కడి కూలీలు పెట్టెలు దించబోమని పని ఆపేశారు. నాలుగు నెలలు ఓడలు కదల్లేదు. చివరకు అవసరానికి మించిన మనుషులను పెట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకుంది. న్యూయార్క్‌లో మన్‌హట్టన్, బ్రూక్లిన్ రేవులు కొన్నేళ్లలోనే ఖాళీ అయ్యాయి, పని అంతా నెవార్క్ వైపు వెళ్లింది. తాత, తండ్రి, కొడుకు వరుసగా చేసిన పని పోయింది. సంఘాలు పోరాడి, పని పోయినవారికి కొంత రాబడి హామీ తెచ్చుకున్నాయి. కానీ కొత్తవాళ్లకు ఆ పనే లేదు. వీపు విరిగే ఆ పని పోవడమే మంచిదని, బరువు పడి కాళ్లు చేతులు పోగొట్టుకునేవాళ్లు తగ్గారని తమ్ముడి వాదన. మా క్వార్టరుకు ట్రంకులు మోసుకొచ్చిన హమాలీని అడిగి చూడమని అక్క వాదన. ఆ రోజు ఆయన 19 పెట్టెలనూ మూడో అంతస్తుకు మోసి, ఆ కూలితోనే కూతురి స్కూలు ఫీజు కడతానని అమ్మతో చెప్పాడు. ఇంకా మాకు తెగలేదు.

1969లో మెక్‌లీన్ సీ-ల్యాండ్‌ను ఆర్. జె. రెనాల్డ్స్ అనే పొగాకు కంపెనీకి అమ్మి చాలా ధనవంతుడయ్యాడు. నార్త్ కరోలినాలో పెద్ద పొలాలు కొని పందుల పెంపకం కూడా పెట్టాడు. అదంతా మాకు అంత ఆసక్తిగా అనిపించలేదు. 1978లో మళ్లీ సముద్రం వైపు వచ్చి యునైటెడ్ స్టేట్స్ లైన్స్ కంపెనీ కొన్నాడు.

అప్పుడు చమురు ధర చాలా ఎక్కువ. అది ఇంకా పెరుగుతుందని నమ్మి, కొరియాలో దేవూ కంపెనీ చేత 12 పెద్ద ఓడలు కట్టించాడు. ఒక్కోదానిలో 20 అడుగుల లెక్కన సుమారు 4,400 పెట్టెలు పడతాయి. నెమ్మదిగా వెళతాయి కనుక ఇంధనం తక్కువ తాగుతాయి. అవి తూర్పు దిక్కుగానే భూమిని చుట్టి వస్తే ఖాళీ పెట్టెల బెడదే ఉండదని ఆయన ఆలోచన. కానీ ఓడలు నీళ్లలోకి దిగేసరికి చమురు ధర పడిపోయింది. వేగంగా వెళ్లే ఓడలున్నవాళ్లు బేరాలు పట్టుకుపోయారు. నెమ్మదైన ఓడలో, ఒకే దిక్కుగా, చుట్టు తిరిగి వచ్చే సరుకు ఎవరికి కావాలి? 1986 నవంబరులో కంపెనీ దివాలా తీసింది. సుమారు 120 కోట్ల డాలర్ల అప్పు. అప్పటికి అమెరికాలోనే అతి పెద్ద దివాలాల్లో అది ఒకటి. వేలమంది ఉద్యోగాలు పోయాయి. ఆ తరవాత ఆయన జనంలోకి రావడం బాగా తగ్గించాడు. తను మొదలుపెట్టిన సీ-ల్యాండ్ కంపెనీయే 1988లో ఆ 12 ఓడలనూ కొని, అట్లాంటిక్‌లో నడిపించింది. ఓడలు మంచివే. వాటికి తగిన దారిలో పెట్టలేదు.

రోడ్డు చూసి పెట్టె కొలత నిర్ణయించినవాడు, చమురు ధర అలాగే ఉంటుందని ఓడలు కట్టించడం మాకు వింతగా తోస్తుంది. వయసు మీరడం వల్లనో, ముందు రెండు సార్లు పందెం నెగ్గడం వల్లనో తెలియదు.

అయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1991లో, 77 ఏళ్ల వయసులో, ట్రైలర్ బ్రిడ్జ్ అనే చిన్న కంపెనీ మొదలుపెట్టి అమెరికాకూ ప్యూర్టో రికోకూ మధ్య సరుకు నడిపాడు. ఒకప్పుడు కూలీలు నాలుగు నెలలు తన ఓడలు ఆపేసిన దీవికే.

2001 మే 25న న్యూయార్క్‌లో తన ఇంట్లోనే మెక్‌లీన్ కన్నుమూశాడు. వయసు 87. అంత్యక్రియలు జరిగిన ఉదయం, ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న కంటెయినర్ ఓడలు ఆయన కోసం హారన్లు మోగించాయి.